అడగనివాడి బాకీ

మా ముత్తాత మూడు ఊళ్ళకు మాలీ పటేల్. శిస్తు ఆయన చేతి మీదుగానే వసూలయ్యేది. మా తాత కాలానికి ఆ మూడింటిలో రెండు మిగిలాయి. కరువొచ్చిన ఏడు పైవాళ్ళకు రాసి, రెండు ఊళ్ళకూ శిస్తు మాఫీ చేయించిన మనిషి ఆయన. మా బాపు ఒక్క ఊరికే పటేల్. ఆయన నడివయసులో ఉండగా ఆ పదవే పోయింది. పదవి పోయినా బాపు తలపాగా తీయలేదు, అడిగినవాళ్ళకల్లా జమానతు సంతకం పెట్టడం మానలేదు. ఆ సంతకాలు కొంత భూమిని తిన్నాయి. నీళ్ళు పడని బోర్లు మిగిలింది తిన్నాయి. బత్తాయి తోట నిలువునా ఎండిపోయింది.

నేను ఆ ఇంటికి ఒక్కతే బిడ్డను. నల్గొండకు గంట దూరంలో ఉన్న మా ఊళ్ళో నా వంతుకు ఏడెకరాల మెట్ట చెలక, సగం కూలిన పెద్ద ఇల్లు, ఆ ఇంటి ముందు పెద్ద దర్వాజ వచ్చాయి. ఇల్లు కూలినా దర్వాజ చెక్కుచెదరలేదు. టేకు చెక్క. గడ్డి బండి ఎద్దులతో సహా లోపలికి వచ్చేంత వెడల్పు. పై కమ్మీ మీద చిలకల వరుస చెక్కి ఉండేది. తలుపు తెరవాలంటే భుజం ఆనించి తోయాలి. ఊళ్ళోవాళ్ళు మా ఇంటికి ఆనవాలు చెప్పాలంటే ఇప్పటికీ "పెద్ద దర్వాజ" అనే అంటారు.

ఆ దర్వాజతో పాటు రెండు రివాజులు కూడా నాకు వారసత్వంగా వచ్చాయి. ఒకటి, అప్పు తీర్చడానికి మా ఇంటివాళ్ళు ఎవరి గడపకూ పోరు. ఇచ్చినవాళ్ళనే పిలుస్తారు. దర్వాజ పక్క అరుగు మీద కూర్చోబెట్టి, ఇత్తడి పళ్ళెంలో రెండు తమలపాకులు పరిచి, వాటి మీద పైసలు పెట్టి ఇస్తారు. వాళ్ళు లెక్క పెట్టుకునేదాకా ఇంటి మనిషి నిలబడి ఉండాలి. రెండోది, ఏ బాకీనీ రెండోసారి అడిగించుకోకూడదు. మొదటిసారి అడగడం ఇచ్చినవాడి హక్కు, రెండోసారి అడగాల్సి రావడం తీసుకున్నవాడికి సిగ్గు అని తాత అనేవాడట. అందుకని ఎవరు ముందు అడిగితే వాళ్ళకే ముందు తీర్చడం మా ఇంటి పద్ధతి. ఈ పద్ధతిలో ఏదైనా లోపం ఉండవచ్చని యాభై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా నాకు తోచలేదు.

కొత్త రాష్ట్రం వచ్చిన కొన్నేళ్ళకు నా మీద నాలుగు బాకీలు నిలిచాయి. బ్యాంకులో పంట రుణం లక్ష. నల్గొండలో పత్తి విత్తనాలూ ఎరువులూ ఇచ్చిన డీలర్ దగ్గర తొంభై వేలు, నూటికి మూడు రూపాయల మిత్తి మీద. భువనగిరిలో ఉండే తమ్ముడు, మా చిన్నాయన కొడుకు దగ్గర యాభై వేలు, ఆఖరి బోరు కోసం తీసుకున్నవి. ఊళ్ళో గొర్లు కాసే పెద్దమనిషి దగ్గర అరవై నాలుగు వేలు.

చివరిది మా ఆయన గుండె ఆపరేషన్‌కు తీసుకున్నది. దవాఖానలో కట్టమన్న మొత్తంలో అంత తక్కువ పడింది. ఎవరు చెప్పారో తెలియదు, ఆ గొర్ల పెద్దమనిషి అంగడిలో ఎనిమిది గొర్రెలను అమ్మి, పైసలు తువ్వాలలో మూటగట్టి తెచ్చి అరుగు మీద పెట్టాడు. కాగితం అడగలేదు. మిత్తి మాట ఎత్తలేదు. "ఉన్నప్పుడే ఇయ్యి పటేలమ్మా" అని వెళ్ళిపోయాడు. మా తాతలు ఊరికి చేసిన మేలు ఊరు మరిచిపోలేదని నేను లోలోపల సంతోషించాను.

నాలుగేళ్ళు గడిచాయి. ఆ నాలుగేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా ఆ పైసలు అడగలేదు. అడగడం మాట అటుంచి, మా బజారులోకి రావడమే మానేశాడు. అంతకుముందు రోజూ పొద్దుగుంకే వేళ ఆయన మంద మా దర్వాజ ముందు నుంచే పోయేది. ఇప్పుడు ఊరి వెనక గుట్ట చుట్టూ తిరిగి పోతోంది. నాకు కోపం వచ్చింది. ఇచ్చిన నాలుగు పైసలకే మొహం చాటేస్తాడా అనుకున్నాను. కనబడితే పలకరించేదాన్ని, కనబడలేదు కాబట్టి ఊరుకున్నాను.

మూడేళ్ళు నెలనెలా కట్టిన చిట్టీ ఆ ఏడు నా వంతుకు వచ్చింది. లక్షా అరవై వేలు. నాలుగు బాకీలు కలిపితే మూడు లక్షల నాలుగు వేలు. చేతిలో ఉన్నది సగం కంటే కొంచెం ఎక్కువ. ఎవరికి ముందు అన్నదే ప్రశ్న. నేను నోటుపుస్తకంలో వరుస రాశాను: మొదట తమ్ముడు, తర్వాత బ్యాంకు, తర్వాత డీలర్, చివర గొర్ల పెద్దమనిషి.

మా ఆయన ఇల్లరికం వచ్చిన మనిషి. నల్గొండలో రైసు మిల్లు గుమాస్తాగా ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. గింజ తేమను పంటితో కొరికి చెప్పగలడు, మిత్తి లెక్కను వేళ్ళ కణుపుల మీద వేయగలడు. నా వరుస చదివి కళ్ళద్దాలు తీశాడు.

"గిదేం లెక్క, దొరసానీ? మిత్తి తీసుకోని తమ్మునికి ముందుగాల, నెలకు రెండు వేల ఏడు వందలు గుంజేటోనికి ఎనుకనా?"

"తమ్ముడు పోయిన నెల పెండ్లిల అడిగిండు. అందరి ముంగట. 'అక్కా, పటేల్ బిడ్డవు, నీకేం తక్కువ, నాదొక్కటే యాదికుండదు' అన్నడు. ఇంకోసారి అననిస్తనా?"

"అననీ. మాటకు మిత్తి పడదు."

"మా ఇంట్ల పడ్తది."

"సరే. మరి బ్యాంకెందుకు? ఊర్ల ఎవడన్నా కడ్తున్నడా? మాఫీ వస్తదని అందరు చేతులు కట్టుకొని కూసున్నరు. జర ఆగు."

"మా తాత రెండూళ్ళకు మాఫీ రాయించిండు. ఆయన మనుమరాలు మాఫీ కోసం లైన్ల నిలబడ్తదా? బ్యాంకాయన ఒకసారి ఇంటికొచ్చి అడిగిపోయిండు. చాలు."

మా ఆయన నా పుస్తకం కింద తన వరుస రాశాడు. ముందు డీలర్, తర్వాత గొర్ల పెద్దమనిషి, అంతే. ఆ రెండింటికి లక్షా యాభై నాలుగు వేలు, మిగిలిన ఆరు వేలు దసరాకు. తమ్ముడు ఆగుతాడు, బ్యాంకు ఆగుతుంది అన్నాడు.

"గొర్లాయన అడగనే అడగలే గదా" అన్నాను.

"అందుకే" అన్నాడు ఆయన. ఆ మాట నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని అడగడం నాకు అలవాటు లేదు.

పుస్తకం నాది, చిట్టీ నాది. తమ్ముడికి ఫోన్ చేశాను. "ఫోన్ల కొట్టక్కా, అయిపాయె, గంత దూరం ఎందుకు" అన్నాడు. మా ఇంట్లో అప్పు అట్లా తీరదని చెప్పాను. ఆదివారం కారు వేసుకొని వచ్చాడు. నాటు కోడి కూర, జొన్న రొట్టెలు చేశాను. తిన్నాక అరుగు మీద కూర్చోబెట్టి, పళ్ళెంలో తమలపాకులు పరిచి యాభై వేలు పెట్టి ఇచ్చాను. లెక్క పెట్టేదాకా నిలబడ్డాను. వాడు సిగ్గుపడుతూ సగం లెక్కపెట్టి, మిగతాది జేబులో పెట్టుకున్నాడు.

"ఆరోజు ఏదో నోరు జారిన అక్కా."

"పూర్తిగ లెక్కపెట్టు."

మళ్ళీ తీసి లెక్కపెట్టాడు. సరిపోయాయి. నాకు ఆ పూట నిజంగా హాయిగా ఉంది. బాపు బతికుంటే మీసం దువ్వుకునేవాడు అనుకున్నాను.

తమ్ముడు దర్వాజకు చెయ్యి ఆనించి బజారు వైపు చూస్తూ ఉన్నాడు. పొద్దు వాలుతోంది. "అక్కా, గీ యాళ్ళకు గొర్లు రావాలె గదా. చిన్నప్పుడు సెలవులకొస్తే గీ అరుగు మీద కూసొని లెక్కపెడ్తుంటి. ఇప్పుడు లెవ్వా?"

"ఉన్నయి. గుట్ట ఎనుకకెళ్ళి పోతున్నయి. ఆ ముసలాయనకు మనసుల ఏదో పడ్డది. నా మొఖం చూస్తలేడు."

అప్పటిదాకా మాట్లాడకుండా వక్క కత్తిరిస్తున్న మా ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వితే భుజాలు మాత్రమే కదులుతాయి.

"ఏంది నవ్వుతవు?"

"మనసుల ఏం పడలే. నీ ముంగటికెళ్ళి నడిస్తే పైసలు యాది చేసినట్లైతదని నాలుగేండ్ల సంది గుట్ట చుట్టూ తిర్గుతుండు. మోకాళ్ళు పట్టుకుపోయినయి ఆయనకు."

"నీకెవరు చెప్పిన్రు?"

"ఆయనే. అంగడిల కలిసినప్పుడల్లా."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడగలే గదా" అన్నాడు మా ఆయన. తమ్ముడు నేల చూపులు చూశాడు.

ఆ రాత్రి నేను సరిగా తినలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక పుస్తకం మీద తెచ్చుకున్నాను. మొత్తం నాలుగేళ్ళూ, అడిగినవాళ్ళ పేర్లు పైకి పోతూ ఉన్నాయి, అడగని ఒక్క మనిషి కిందికి జారుతూ ఉన్నాడు. తాత పద్ధతి ప్రకారమే అంతా జరిగింది. ఇంకో నాలుగేళ్ళయినా అట్లాగే జరిగేది. తాతకు అప్పు ఇచ్చినవాళ్ళంతా ధైర్యంగా అడగగలిగిన షావుకార్లు. అడగడానికి మొహమాటపడే మనిషి దగ్గర ఆయన ఎన్నడూ చెయ్యి చాచలేదు. ఆ అవసరం మా వంశంలో మొదట నాకే వచ్చింది. అందుకే దానికి రివాజు లేదు.

పొద్దున్నే పక్కింటి ఆమెతో కబురు పంపాను, పటేలమ్మ రమ్మంటోంది అని. "ఇప్పుడేం తొందర లేదు, ఎవుసం చూస్కోమను" అని ఆయన జవాబు పంపాడు. మర్నాడు మళ్ళీ కబురు పంపాను. గొర్రె ఈనుతోంది, తీరిక లేదన్నాడు. మూడో రోజు మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"రాడు, దొరసానీ. వస్తే పైసల కోసం వచ్చినట్లైతది గదా. నీకు నీ గడప ఎంతనో, ఆయనకు ఆయన మాట గంతే. ఇద్దరు గిట్లనే కూసుంటే ఆ పైసలకు నేను వారసున్నైత."

"మా ఇంటివాళ్ళు అప్పు తీర్చనీకి ఒకరి గడపకు పోలేదు."

"మీ ఇంటోళ్ళు ఒకరి గొర్లు అమ్మించి మొగుని గుండె బాగుచేయించుకున్నరా?"

నేను లేచాను. పొరుగూరికి పోయేటప్పుడు కట్టే నారాయణపేట చీర కట్టుకున్నాను. ఇత్తడి పళ్ళెం తోమాను. తమలపాకులు పరిచి, డెబ్భై వేలు పెట్టాను. అరవై నాలుగు అసలు, ఆరు నా ఇష్టం. పైన తెల్ల గుడ్డ కప్పాను. మా ఆయన తోడు వస్తానంటే వద్దన్నాను. పుట్టి పెరిగిన ఊరే అయినా గొర్లవాళ్ళ బజారులో నేను ఎన్నడూ అడుగుపెట్టలేదు. దారి అడగాల్సి వచ్చింది. అడిగాను.

వాళ్ళది రేకుల ఇల్లు, ముందు ముళ్ళకంచె దొడ్డి. ఆయన చిన్న గొర్రెపిల్లను ఒడిలో పెట్టుకొని నోటికి పాల సీసా పెడుతున్నాడు. నన్ను చూసి లేవబోయాడు, మోకాళ్ళు సహకరించలేదు. ఆయన ఇంటావిడ లోపలి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి కొంగుతో తుడిచింది.

"నువ్వొచ్చినవేంది పటేలమ్మా? కబురు పంపితే నేను రానా?"

"రెండుసార్లు పంపిన. రాలే."

"రాలే" అని ఒప్పుకున్నాడు ఆయన, పిల్ల చెవి నిమురుతూ.

నేను కూర్చోలేదు. మా ఇంట్లో అప్పు ఇచ్చేటప్పుడు నిలబడే ఇస్తారు. పళ్ళెం ఆయన ముందు గొంగడి మీద పెట్టి గుడ్డ తీశాను. "లెక్కపెట్టు" అన్నాను.

"లెక్కెందుకు?"

"మా రివాజు."

ఆయనకు పెద్ద నోట్ల లెక్క అంతగా రాదు. ఇంటావిడ వచ్చి కింద కూర్చొని, వేలు తడుపుకుంటూ లెక్కపెట్టింది. రెండుసార్లు పెట్టింది. తర్వాత ఆరు వేలు విడిగా తీసి పళ్ళెంలోనే ఉంచింది. "గివి ఎక్కువున్నయి" అంది.

"ఎక్కువ గాదు. నాలుగేండ్లల్ల ఆ ఎనిమిది గొర్లు ఎన్ని ఈనేవో నాకు తెల్వదా?"

"ఎన్ని సచ్చేవో గూడ లెక్కగట్టినవా?" అన్నాడు ఆయన. "మొన్న వానలకు పన్నెండు పోయినయి. గా పైసలు నీ తాన ఉన్నయి గాబట్టి ఎనిమిది బతికినట్లే. మిత్తి తీస్కుంటే నేను గొర్లోన్ని గాను, డీలర్నైత. పట్టుకపో."

నేను పట్టుబట్టాను. మా ఇంటికి మాట రానివ్వనని, మా ఇంటి మీద గౌరవంతో నువ్వు ఇచ్చినదాన్ని నేను చిన్నబుచ్చలేనని ఏదో పెద్ద మాట అన్నాను. ఆయన పిల్లను ఇంటావిడకు అందించి, నా వైపు కొంచెం జాలిగా చూశాడు.

"పటేలమ్మా, ఏమనుకోకు. నేను మీ ఇంటిని చూసి ఇయ్యలే. గుమాస్తను చూసి ఇచ్చిన. అంగడిల బేరగాళ్ళు తూకంల మోసం జేస్తుంటే, ఆయన పక్కన నిలబడి కాంట పట్టుకొని, ఏండ్ల సంది నాకు ఒక్క పైస పోనియ్యలే. గసుంటోడు గుండెకు సచ్చిపోతే నా గొర్లకు ఎవడు దిక్కు?"

ఇంటావిడ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నాలుగేళ్ళు నా తాతల ఖాతాలో రాసుకున్న మర్యాద, వక్క కత్తిరించుకుంటూ అరుగు మీద కూర్చునే మనిషిదని తేలింది. నా వీపు నిటారుగానే ఉంది కానీ, నిలబడి ఉండటంలో అర్థం కనబడలేదు. కుర్చీలో కూర్చున్నాను.

"మంచినీళ్ళియ్యి" అన్నాను ఆమెతో. చాయ్ ఇచ్చింది. మేక పాల చాయ్. తాగాను, బాగుంది. ఇంకో సగం పోస్తే అదీ తాగాను.

లేచేటప్పుడు ఆయన్ను ఏమని పిలవాలో నాకు తెలియదని గుర్తొచ్చింది. బాపు ఆయన్ను పేరు పెట్టి పిలిచేవాడు. నేను అసలు పిలిచేదాన్నే కాదు. "పోయొస్త కాకా" అన్నాను. ఆయన ఆ పిలుపును పట్టించుకోనట్టే తల ఊపాడు. కంచె దాకా కుంటుతూ వచ్చి ఒక్కటి అడిగాడు.

"మరి ఇగ గొర్లను మీ బజార్లకెళ్ళి తోల్కపోనా? గుట్ట దారికి మోకాళ్ళు గుంజుతున్నయి."

"రేపటి సంది" అన్నాను.

ఇంటికి వస్తే మా ఆయన అరుగు మీదే ఉన్నాడు. "అయ్యిందా?" అన్నాడు.

"అయ్యింది. ఆరు వేలు తీస్కోలే. నిన్ను చూసి ఇచ్చిండట."

"నాకు తెల్సు."

"అదిగూడ నేను అడగలేదనేనా చెప్పలే?"

"కాదు. చెప్తే నువ్వు ఆరోజే ఆ పైసలు ఎనుకకిచ్చేదానివి. నేను సచ్చేవాన్ని."

చేతిలో నలభై ఆరు వేలు మిగిలాయి. అవి మర్నాడే మా ఆయన డీలర్‌కు ఇచ్చి వచ్చాడు. పోతూ పోతూ "పిలిపిద్దామా అరుగు మీదికి?" అని అడిగితే, "అక్కర్లేదు, దుకాణంలనే ఇయ్యి, రసీదు తీస్కో" అన్నాను. అంటే ఇంకా డీలర్ నలభై నాలుగు వేలు, బ్యాంకు లక్ష. పత్తి చేతికి రావడానికి మూడు నెలలు. ఆ మూడు నెలల మిత్తిని మా ఆయన కణుపుల మీద లెక్కవేసి చూపించాడు.

పాత టేకు కొనే హైదరాబాద్ మనిషి ఒకడు రెండేళ్ళుగా మా ఊరికి వచ్చిపోతున్నాడు. ఫామ్‌హౌసులు కట్టుకునేవాళ్ళు పాత తలుపులు అడుగుతున్నారట. వచ్చిన ప్రతిసారీ నేను వాణ్ణి బజారులోనే నిలబెట్టి పంపించేశాను. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చొని దర్వాజను చాలాసేపు చూశాను. అప్పులిచ్చినవాళ్ళు దాన్ని దాటి లోపలికి రావాలనే గదా ఇన్నాళ్ళూ కాపాడుకున్నాను. ఇవ్వాల్సిన పెద్ద బాకీ ఒకటి నేనే దాన్ని దాటి బయటికి పోయి ఇచ్చి వచ్చాను. ఏమీ కాలేదు. కుర్చీ వేస్తే కూర్చున్నాను.

"ఆ కట్టె మనిషి నంబరు ఉన్నదా నీ దగ్గర?" అన్నాను.

మా ఆయన ఫోన్ తీశాడు, కానీ చేతిలోనే పట్టుకున్నాడు. "నిజంగనేనా? చిలకలు పోతయి."

"పోనీ. ఎగిరి చానా దినాలైంది."

బేరం మాత్రం నేనే చేశాను. మా ఆయన కాంటా పట్టుకున్నట్టు పక్కన నిలబడ్డాడు. డీలర్ మిగతా బాకీ తీరింది. బ్యాంకుకు లక్షా కట్టి, కొత్త రుణం వద్దని చెప్పి వచ్చాను. తర్వాత నిజంగానే మాఫీ వచ్చింది. బాకీ ఉన్నవాళ్ళందరి రుణాలూ పోయాయి. బాకీ లేదు కాబట్టి మాకు ఏమీ రాలేదు. ఊరంతా జాబితాలో పేర్లు వెతుక్కుంటుంటే మా ఆయన ఇప్పటికీ అంటాడు, "లైన్ల నిలబడకుండ లక్ష రూపాయల మర్యాద కొనుక్కున్నది మా దొరసాని" అని. అననిస్తాను. మాటకు మిత్తి పడదని ఆయనే చెప్పాడు.

ఇప్పుడు పొద్దుగుంకే వేళకు మంద మా ఇంటి ముందు నుంచే పోతుంది. కాకా చేతికర్ర కొత్త ఇనుప గేటుకు ఒకసారి తగిలించి పోతాడు, అదే పలకరింపు. గొర్లు రేపిన దుమ్ము గేటు సందుల్లోంచి నేరుగా వాకిట్లోకి వస్తుంది. వెనకటి తలుపైతే దాన్ని ఆపేది. మా ఆయన అరుగు మీద కూర్చొని గొర్రెలను లెక్కపెడతాడు, నేను ఆయన పక్కనే కూర్చుంటాను. ఎనభైకి పైగా ఉన్నాయి. అందులో మావేవీ లేవు, మేమెవరికీ బాకీ లేము.

పెద్ద దర్వాజను రెండు తలుపులతో, చిలకల కమ్మీతో, గడపతో సహా లక్షా యాభై వేలకు అమ్మాం.